సీలింగ్‌కి రంగు వేస్తే లీకేజీ ఆగదు, పని కప్పు మీద చేయాలి

సంపాదకుల గారికి నమస్కారం.

మీ ఇంటి పేజీలో సీలింగ్ కారుతుంటే ఏం చేయాలో చిట్కాలు వేశారు, చదివాను. పుట్టీ పెట్టండి, దాని మీద వాటర్‌ప్రూఫ్ ప్రైమర్ కొట్టండి, ఆపైన మామూలు రంగు వేసేయండి, మరక కనపడదు అని రాశారు. మరక కనపడదు, నిజమే. నీళ్లు మాత్రం ఎక్కడికీ పోవు కదండీ. నేను కట్టుబడి పనుల్లో సూపర్‌వైజర్‌గా చాలాకాలం చేశాను, రిటైరయ్యాక కూడా తెలిసినవాళ్లు పిలిస్తే వెళ్లి డాబా ఎక్కి చూసి వస్తుంటాను. ఉత్తరం కాస్త పొడుగైంది. మీకు తోచినంత కత్తిరించుకోండి గానీ, ఆ రంగు సలహా సరైంది కాదన్న మాట మాత్రం దయచేసి వేయండి.

ఇల్లు కురుస్తోందంటే నీళ్లు పైన ఎక్కడో దిగి, స్లాబ్ మందంలో నానుతూ నానుతూ, చివరికి కింద ఒకచోట బయటపడుతున్నాయని. కిందివైపు మూసేస్తే పైనుంచి దిగేవి దిగుతూనే ఉంటాయి, బయటికొచ్చే దారి ఒక్కటే మూసుకుపోతుంది. కొన్నాళ్లకి ఆ రంగు బుడగలు బుడగలుగా ఉబ్బి, గోరుతో గీరితే పొరలుగా ఊడొస్తుంది, లేదంటే మూసిన చోటు వదిలేసి రెండడుగుల అవతల కొత్త మరక తేలుతుంది. ఇవి కంటికి కనిపించే నష్టాలు, పోయేది రంగు ఖర్చే. అసలు నష్టం లోపలున్న ఇనుముకి. కాంక్రీటుకి క్షారగుణం ఎక్కువ, కొత్తగా పోసినప్పుడు దాని పీహెచ్ 12, 13 దాకా ఉంటుంది, ఆ గుణమే చువ్వలకి తుప్పు పట్టకుండా కాపాడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కొంచెం కొంచెంగా లోపలికి దిగి ఆ క్షారాన్ని తగ్గించేస్తుంది. అలా క్షారం తగ్గిన కాంక్రీటుకి చెమ్మ తోడైతే ఇక చువ్వకి రక్షణ ఉండదు. తుప్పుకి ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి, రెండింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, ఆ చోటు కోసం అది కింది కాంక్రీటుని తోసేస్తుంది. సీలింగ్ నుంచి పెచ్చులు రాలడం అంటే ఇదే. పెచ్చు ఊడినచోట ఎర్రగా పొట్టు లేచిన చువ్వ కనిపిస్తుందే, దాని మీద సిమెంటు మెత్తి పైన రంగు వేసిన ఇళ్లు ఎన్ని చూశానో! కొంతకాలానికి ఆ మెత్తిన ముక్కే మొదట ఊడి పడుతుంది. నిద్రపోయే మంచం మీద పడినా ఆశ్చర్యం లేదు.

లోపలి నుంచి చేసే పనులు అసలు లేవని కాదు. నేలమాళిగ గోడలకి బయటివైపు మట్టి ఉంటుంది, తవ్వడం కుదరనప్పుడు లోపలి నుంచే చేస్తారు. పగుళ్లలోకి రసాయనం పంప్ చేసే ఇంజెక్షన్ గ్రౌటింగ్ కూడా ఒక పద్ధతే. కానీ ఆకాశం కింద పరుచుకుని ఉన్న డాబా, మెట్లెక్కితే అందే డాబా, దానికి లోపలి నుంచి వైద్యం ఎందుకు? పైన ఆపితే స్లాబ్ ఎండుతుంది. స్లాబ్ ఎండాక సీలింగ్ మరమ్మతు చేసుకోండి, పుట్టీ పెట్టుకోండి, మీకు నచ్చిన రంగు వేసుకోండి, అప్పుడది నిలబడుతుంది.

చాలామంది డాబా ఎక్కి మరకకి సరిగ్గా పైనున్న చోటు వెతుకుతారు. అక్కడ చూస్తే గచ్చు శుభ్రంగా ఉంటుంది, బీట కూడా ఉండదు, దాంతో మొత్తం డాబా అంతా ఏదో ఒకటి పూయించేస్తారు. నీళ్లు దిగినచోటే బయటపడాలని రూలేమీ లేదండీ. స్లాబ్‌లో కరెంటు పైపులుంటాయి, చువ్వల వెంట సన్నని సందులుంటాయి, పోసినప్పుడు సరిగ్గా కుదురుకోని చోట బొరియలు ఉంటాయి, నీళ్లు వీటి వెంట పాకుతూ ఎక్కడ వాలు దొరికితే అటు పోతాయి. ఒక ఇంట్లో హాల్లో ఫ్యాన్ గొట్టం వెంబడి చుక్కలు చుక్కలుగా కారేది, ఫ్యాన్ డూమ్ నిండా నీళ్లే. డాబా మీద ఫ్యాన్ హుక్కుకి సరిగ్గా పైనున్న గచ్చంతా తవ్వి మళ్లీ వేశారు, తగ్గలేదు. నేను వెళ్లి చూస్తే డాబాకి ఆ మూలన డిష్ యాంటెన్నా స్టాండు ఉంది, దాని కాళ్లు నాలుగు బోల్టులతో స్లాబ్‌లోకి దిగగొట్టారు, ఒక బోల్టు తుప్పు పట్టి వదులై చేత్తో తిప్పితే తిరుగుతోంది. ఆ రంధ్రం కింద నుంచే కరెంటు పైపు వెళ్తోంది, అది పోయేది ఫ్యాన్ పాయింటుకి. బోల్టు తీసి రంధ్రం శుభ్రం చేసి పూడ్చాక ఆ కారడం ఆగింది. అన్నట్టు, ఫ్యాన్ నుంచి, లైటు నుంచి నీళ్లు కారుతుంటే ముందు చేయాల్సింది బకెట్ పెట్టడం కాదు, ఆ లైన్ మెయిన్ ఆపేయడం. ఈ మాట మీ చిట్కాల్లో ఎక్కడా లేదు.

ఇంకో సంగతి, వాన లేని రోజుల్లో కూడా మరక తడిగానే ఉంటే అది వాననీరు కాకపోవచ్చు. పైన నీళ్ల ట్యాంకు ఉందా, దాని కింద పైపు జాయింటు చెమ్మగా ఉందా, ఓవర్‌ఫ్లో పైపు నీళ్లు ఎక్కడ పడుతున్నాయి, పై అంతస్తులో బాత్రూమ్ ఉందా, ఇవి చూడాలి. వాన పడ్డ గంటల్లోనే కారి, ఎండ కాయగానే ఆగితే దారి సూటిగా ఉన్నట్టు. వాన వెలిసిన రెండు రోజుల తర్వాత కూడా కారుతూ ఉంటే పైన గచ్చుకీ స్లాబ్‌కీ మధ్య నీళ్లు నిలవ ఉన్నట్టు. ఈ తేడా గమనించి చెప్తే వచ్చిన మేస్త్రీకి సగం పని తప్పుతుంది.

అప్పటికీ తేలకపోతే పైపు పెట్టి తడిపి చూడాలి. ఒకరు పైన, ఒకరు కింద మరక దగ్గర ఉండాలి. మొత్తం డాబా ఒకేసారి తడిపేస్తే ఏమీ తెలియదు. పల్లంగా ఉన్నచోట మొదలుపెట్టి, కొంచెం చోటునే బాగా తడిపి, కాసేపు ఆగి, కిందవాళ్లు ఏమీ లేదంటేనే పైకి జరగాలి. ముందే ఎత్తున తడిపితే ఆ నీళ్లు పల్లంలోని రంధ్రంలోకి కూడా పోతాయి, ఏది ఎక్కడిదో తేలదు. గంటలు గంటలు పట్టే పని, విసుగు పుడుతుంది. అయినా అవసరం లేని చోట తవ్వించుకోవడం కంటే నయం.

నా అనుభవంలో డాబా నడిమధ్య నుంచి కారడం తక్కువ. అంచుల దగ్గరే ఎక్కువ. అందులోనూ పిట్టగోడ, స్లాబ్ కలిసే మూల. స్లాబ్ ఒకసారి పోస్తారు, ఆరిన తర్వాత దాని మీద ఇటుకలతో పిట్టగోడ కడతారు, ఆ రెండింటి మధ్య ఒక అతుకు ఎప్పటికీ ఉంటుంది. ఎండకి స్లాబ్ సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. లెక్క చూస్తే పది మీటర్ల పొడవున్న స్లాబ్ 30 డిగ్రీల తేడాకి సుమారు 3 మిల్లీమీటర్లు కదులుతుంది. ఇటుక గోడ దాంతో సమానంగా కదలదు. ఏటా వందల సార్లు ఇదే లాగుడు, ఆ మూలలో సిమెంటు ప్లాస్టరు ఎంతకాలమని ఆగుతుంది? వెంట్రుకంత సందు పడుతుంది. మీరు డాబా ఎక్కి ఆ మూల వెంబడి తాపీ కొసతో గీరుతూ వెళ్లండి, బాగున్నచోట గరగరమని గట్టిగా తగులుతుంది, పోయినచోట డొల్లగా మోగుతుంది, కొంచెం పెకిలిస్తే పలక పలకగా లేచి వస్తుంది, దాని కింద నల్లని పాచి, చిన్న చిన్న వేళ్లు కూడా కనిపిస్తాయి. అక్కడ మళ్లీ సిమెంటు పూస్తే మళ్లీ అదే కథ. వదులుగా ఉన్నదంతా తీసేసి, సందు కొంచెం వెడల్పు చేసి, సాగే గుణం ఉన్న సీలెంటు, అంటే సందులు మూసే జిగురు ముద్ద, నింపి, ఆపైన మూల పదునుగా కాకుండా ఒంపుగా, వేలు పెట్టి జరిపితే సాఫీగా జారేలా పాలిమర్ కలిపిన మోర్టార్‌తో, అంటే సిమెంటు ఇసుక మాలుతో, దిద్దాలి. తర్వాత వేసే వాటర్‌ప్రూఫ్ పూత ఆ ఒంపు మీదుగా పిట్టగోడ పైకి కనీసం 15 సెంటీమీటర్లు ఎక్కాలి, 30 అయితే ఇంకా మంచిది. మూల దగ్గరే పూత ఆపేస్తారు చూడండి, అది డబ్బు దండగ పని.

పిట్టగోడ పైభాగం సంగతి కూడా ఎవరూ పట్టించుకోరు. పైన చదునుగా వదిలేసి ప్లాస్టరు బీటలిస్తే వాన నేరుగా గోడలోకి దిగి, స్లాబ్ దగ్గర తేలుతుంది. అప్పుడు డాబా ఎంత బాగుచేసినా ప్రయోజనం ఉండదు. గోడ నెత్తి మీద కొంచెం డాబా వైపు వాలు ఇవ్వాలి, ఆ బీటలూ మూయాలి. గోడలో ఏదైనా మొక్క మొలిచి ఉంటే పైన విరిచేస్తే చాలదు, వేరు లోపలే ఉండి మళ్లీ చిగురిస్తుంది, వేరుతో సహా తీసి ఆ కన్నం పూడ్చాలి.

తర్వాతిది తూము. నీళ్లు పోవడానికి పెట్టిన తూమే ఇంట్లోకి నీళ్లు తెస్తుందంటే వినడానికి వింతగానే ఉంటుంది. ప్లాస్టిక్ పైపుని స్లాబ్‌లోంచో పిట్టగోడలోంచో బయటికి పెట్టి చుట్టూ సిమెంటు మెత్తుతారు, కానీ నున్నటి ప్లాస్టిక్‌కి సిమెంటు గట్టిగా పట్టుకోదు, పైగా రెండూ ఎండకి వేరువేరుగా సాగుతాయి. కొన్నేళ్లకి పైపు చుట్టూ వలయంలా సందు పడుతుంది. వాన పడితే డాబా మీది నీళ్లన్నీ చేరేది అక్కడికే కదా, కొంచెం పైపులోకి, కొంచెం సందులోకి. పైపు అంచుని గరుకు కాగితంతో రుద్ది, చుట్టూ గాడి తవ్వి సీలెంటు పెట్టి, పూతని పైపు లోపలి అంచు దాకా తీసుకుపోవాలి. తూము దగ్గర నేల చుట్టుపక్కల కంటే పల్లంగా ఉండాలి, ఎత్తుగా ఉంటే నీళ్లు దాని ముందే నిలిచిపోతాయి. ఇక ఆకులు, పాలిథిన్ కవర్లు, పిల్లల బంతి ఇరుక్కుని తూము మూసుకుపోవడం తెలిసిందే. వానలకి ముందు ఒక్కసారి డాబా ఊడ్చి తూముకి జాలీ పెట్టుకుంటే చాలా ఇళ్లలో లీకేజీ సగానికి సగం తగ్గుతుంది. ఇందుకు కాంట్రాక్టరు అక్కర్లేదు, చీపురు చాలు.

నీళ్లు నిలవడం గురించి. డాబాకి వాలు ఉండాలి, మీటరు దూరానికి ఒక సెంటీమీటరన్నా తూము వైపు దిగాలి. వాన వెలిసిన మర్నాడు డాబా ఎక్కి నీళ్లు ఎక్కడెక్కడ గుంటలుగా నిలిచాయో సుద్దముక్కతో చుట్టూ గీత గీసి ఉంచుకోండి, తర్వాత పని చేయించేటప్పుడు ఆ గీతలే మీ ప్లాను. గుంట చిన్నదైతే పాలిమర్ మోర్టార్‌తో ఎత్తు సరిచేయవచ్చు. అంతేగానీ కురిసిన ప్రతిసారీ డాబా అంతా ఇంకో వరస కాంక్రీటు పోయించకండి. అయిదు సెంటీమీటర్ల మందం కాంక్రీటు చదరపు మీటరుకి సుమారు 120 కిలోల బరువు. వంద చదరపు మీటర్ల డాబాకి అది 12 టన్నులు. ఇల్లు కట్టినప్పుడు ఆ బరువు లెక్కలో లేదు. ఇప్పటికే చువ్వలు తుప్పు పట్టిన స్లాబ్ మీద ఇంత మోపడం ప్రమాదం. పాత పొర డొల్లగా ఉంటే తీసేసి కొత్తది వేయాలి, దాని మీద ఇంకోటి కాదు.

బీటల విషయంలో అందరూ ఒక పొరపాటు చేస్తారు, ఏ బీట కనిపించినా సిమెంటు పాలు పోసేస్తారు. కదలని బీటకి అది కొంతవరకు పనిచేస్తుంది. కదిలే బీట, అంటే ఎండకి మూసుకుని చలికి తెరుచుకునేది, దాంట్లో గట్టిపడే పదార్థం ఏది పోసినా పక్కనే కొత్త బీట వస్తుంది. తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేమీ వద్దు. బీటకి అడ్డంగా పలచగా ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ పట్టీ వేసి తేదీ రాసి వదిలేయండి, కొన్ని వారాల్లో పట్టీ చిట్లితే బీట కదులుతున్నట్టే. దాన్ని గాడిగా తవ్వి, దుమ్ము ఊది, పాలీయురిథేన్ లాంటి సాగే సీలెంటు నింపాలి. బీట రోజురోజుకీ వెడల్పవుతున్నా, దాని వెంబడి స్లాబ్ ఒకవైపు కిందికి దిగినట్టున్నా, అది వాటర్‌ప్రూఫింగ్ మనిషి చూసే పని కాదు, స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలవాలి.

పూత గురించి అందరూ అడిగేది ఏ కంపెనీది మంచిది అని. నేను ఏ కంపెనీ పేరూ చెప్పను, ఎందుకంటే నేను చూసినంతవరకు ఫెయిలైన పూతల్లో డబ్బా నాసిరకమైనవి తక్కువ, కింద నేల సిద్ధం చేయక ఊడినవే ఎక్కువ. పాచి, దుమ్ము, పాత రంగు పొట్టు, నూనె మరకలు అన్నీ వైరు బ్రష్షుతో రుద్ది, కడిగి, ఎండనివ్వాలి. ఈ ఎండనివ్వడం దగ్గరే తొందరపడతారు. పైకి తెల్లగా ఆరినట్టున్నా లోపల తడి ఉంటుంది. అరమీటరు చదరం ఉన్న ప్లాస్టిక్ షీటు ఒకటి నేలకి పరిచి, నాలుగంచులూ టేపుతో గట్టిగా అంటించి, సాయంత్రం నుంచి మర్నాడు పొద్దున దాకా వదిలేయండి. తీసి చూస్తే షీటు అడుగున నీటి ముత్యాలు ఉన్నాయా, నేల ముదురు రంగుకి మారిందా, అయితే ఇంకా ఆరలేదు. పాలీయురిథేన్, తారు రకం పూతలు ఇలాంటి తడి మీద వేస్తే ఎండకి లోపలి ఆవిరి పైకి తన్ని బుడగలు లేస్తాయి. సిమెంటు, పాలిమర్ రెండు భాగాలుగా వచ్చి కలుపుకునే రకానికి మాత్రం ఇది వర్తించదు, దానికి నేల కొంచెం చెమ్మగానే ఉండాలి, నీళ్లు నిలవకుండా. ఒకదానికి చెప్పింది ఇంకోదానికి చేస్తే రెండూ చెడతాయి, డబ్బా మీద రాసింది చదవడం ఒక్కటే మార్గం.

యాక్రిలిక్ పూతలు వేయడం సులువు, అందుకే అందరూ అవే వేస్తారు, కానీ నీళ్లు రోజుల తరబడి నిలిచేచోట వాటిలో చాలా రకాలు మెత్తబడి ఊడతాయి, కాబట్టి ముందు వాలు సరిచేయకుండా వాటి జోలికి వెళ్లొద్దు. తారు పూత, తారు షీటు నీటిని బాగానే ఆపుతాయి గానీ ఎండకి పెళుసెక్కుతాయి, పైన ఏదో ఒక రక్షణ పొర ఉండాలి. ఇంకా వేడి తగ్గించే తెల్ల రంగులు వస్తున్నాయి. అవి ఎండని తిప్పికొడతాయి, ఇల్లు చల్లబడుతుంది, మంచిదే, కానీ డబ్బా మీద వాటర్‌ప్రూఫ్ అని లేనిదాన్ని వాటర్‌ప్రూఫ్ అనుకుని కొట్టించినవాళ్లు నాకు తెలిసి చాలామంది ఉన్నారు. ఏ పూత అయినా కనీసం రెండు కోటింగులు, మొదటిది నిలువుగా వేస్తే రెండోది అడ్డంగా, ఆ రెండింటి మధ్యలో మూలల దగ్గర, బీటల మీద, తూము చుట్టూ ఫైబర్ మెష్, అంటే పలచని వల, కూర్చోబెట్టి. మొదటి కోటు తడిగా ఉన్నప్పుడే మెష్ అద్దాలి, ఆరాక పరిస్తే అది అతుక్కోదు.

పని అయ్యాక నీళ్లు కట్టి చూడటం మంచి అలవాటు. తూము మూసి, రెండున్నర నుంచి అయిదు సెంటీమీటర్ల లోతు నీళ్లు 24 నుంచి 48 గంటలు నిలిపి కింద చూడాలి. పూత పూర్తిగా గట్టిపడ్డాకే ఈ పని చేయాలి. స్లాబ్ గట్టిగా ఉంటేనే. అయిదు సెంటీమీటర్ల నీళ్లంటే చదరపు మీటరుకి 50 కిలోలు, పెచ్చులూడే పాత స్లాబ్ మీద ఈ పరీక్ష వద్దు.

కాంట్రాక్టర్ల గురించి రాయకుండా ఉండలేను. మా బంధువుల ఇంటికి వచ్చిన ఒకతను పొద్దున వచ్చి, డాబా ఊడ్చీ ఊడ్వకుండా, సాయంత్రానికి పూత పూసేసి, పదేళ్ల గ్యారంటీ అని స్టాంపు వేసిన కాగితం ఇచ్చి వెళ్లాడు. రెండో వానాకాలానికి పూత చేత్తో తివాచీలా చుట్టుకుని వచ్చింది. ఫోన్ చేస్తే, గ్యారంటీ పూతకే, మీ స్లాబ్‌లో బీటలకి కాదు అన్నాడు. కాగితం తీసి చదివితే చిన్న అక్షరాల్లో నిజంగానే అలాగే ఉంది. అందుకని పని ఒప్పుకునేముందే అడగండి: ఏ పదార్థం, ఎన్ని కోటింగులు, చదరపు మీటరుకి ఎంత పడుతుంది, పిట్టగోడ మీదికి ఎంత ఎత్తు ఎక్కిస్తారు, గ్యారంటీ దేనికి వర్తించదు. డబ్బా మీద ఎంత విస్తీర్ణానికి వస్తుందో రాసి ఉంటుంది, మీ డాబా కొలతతో లెక్కేస్తే ఎన్ని డబ్బాలు కావాలో తెలుస్తుంది, పనయ్యాక ఖాళీ డబ్బాలు అక్కడే ఉంచమని చెప్పండి. నీళ్లు కలిపి సాగదీసేవాళ్లకి ఈ ఒక్క మాట చాలు, మొహం మారిపోతుంది.

పెంకుటిళ్లు, రేకుల ఇళ్ల గురించి మీ చిట్కాల్లో ఒక్క ముక్క లేదు, కాబట్టి కొంచెం చెప్తాను. పెంకులకి పూతలతో పని లేదు, జారిన పెంకు, పగిలిన పెంకు మార్చడమే. పై వరస పెంకు కింది వరస మీదికి ఎక్కి ఉండాలి, కాబట్టి కొత్తగా పేర్చేటప్పుడు చూరు దగ్గర మొదలుపెట్టి పైకి పోవాలి. రెండు వాలులు కలిసే లోయలాంటి చోట ఆకులు పేరుకుని నీళ్లు పెంకుల కిందికి ఎగదన్నుతాయి, అది శుభ్రం చేస్తే చాలాసార్లు కారడం ఆగిపోతుంది. రేకులకైతే రేకు కంటే బోల్టులే దోషులు. బోల్టు కింది రబ్బరు వాషరు ఎండకి గట్టిపడి బీటలిస్తుంది. వాషరు మార్చి సరిపడా బిగించాలి, మరీ బిగిస్తే రేకు నొక్కుకుపోయి అక్కడే నీళ్లు నిలుస్తాయి. వాషరు మార్చకుండా చుట్టూ తారు పూస్తే అది ఒక్క వేసవికే పగులుతుంది.

ఆస్‌బెస్టాస్ రేకులైతే వాటి మీద కాలు పెట్టకండి. పాతబడ్డవి పెళుసుగా ఉంటాయి, చూడ్డానికి గట్టిగా కనిపించి మనిషి బరువుకి ఫెళ్లున విరుగుతాయి. ఇలా రేకు విరిగి కిందపడి ప్రాణాలు పోతున్నాయి. తప్పనిసరైతే కింద దూలాల మీద ఆనేలా పొడుగాటి చెక్క పలకలు వేసి, నడుముకి తాడు కట్టుకుని, పని తెలిసినవాళ్లే ఎక్కాలి. ఆ రేకులని కోయడం, డ్రిల్ చేయడం, ప్రెషర్ వాష్ చేయడం, వైరు బ్రష్షుతో రుద్దడం ఏదీ చేయకూడదు, ఆ దుమ్ములోని పోగులు ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్ తెస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో చెబుతోంది.

నిచ్చెన కూడా గోడకి ఎలా పడితే అలా ఆనించేస్తారు. నాలుగు మీటర్ల ఎత్తుకి అడుగుభాగం గోడకి మీటరు దూరంలో ఉండాలి, కప్పు అంచు దాటి నిచ్చెన ఇంకో మీటరు పైకి ఉండాలి, దిగేటప్పుడు పట్టుకోవడానికి. కరెంటు తీగలు దగ్గరగా పోతుంటే ఇనుప నిచ్చెన వద్దు. పాచి పట్టిన తడి కప్పు మీద నడవకండి, ఉరుములు వినిపిస్తే ఎంత పని మిగిలినా దిగిపోండి.

మరి ఈ రాత్రే కురుస్తుంటే ఏం చేయాలి అంటారు. వాన పడుతుండగా పైన పూసింది సాధారణంగా నిలబడదు, కాబట్టి మరమ్మతు ఆలోచన వదిలేయండి. తూముకి ఏదైనా అడ్డం పడిందేమో చూసి తీయించండి, అదీ మెరుపులు లేనప్పుడు, జారకుండా వెళ్లగలిగితేనే. కారే గదికి కరెంటు ఆపండి. ఫాల్స్ సీలింగ్ నీళ్లతో పొట్టలా ఉబ్బి ఉంటే ఆ గదిలో కరెంటు ఆపాక, కింద పెద్ద గిన్నె పెట్టి, పక్కకి నిలబడి, ఉబ్బు మధ్యలో స్క్రూడ్రైవరుతో చిన్న రంధ్రం చేయండి. నీళ్లు ఒకచోట నుంచి దిగిపోతాయి, లేకపోతే బరువుకి మొత్తం పలకే ఊడి పడుతుంది. వాన తెరిపిచ్చాక టార్పాలిన్ కప్పొచ్చు. వాలు కప్పులకైతే అది నడినెత్తి దాటి అవతలి వాలు మీదికి కూడా పోవాలి, లేకపోతే పైఅంచు నుంచి నీళ్లు దాని కిందికి దిగుతాయి. అంచుల మీద ఊరికే ఇటుకలు పెట్టకండి, గాలికి టార్పాలిన్ లేస్తే ఇటుకలు ఎవరి నెత్తిన పడతాయో తెలియదు. చెక్కకి చుట్టి కట్టాలి.

సంపాదక మహాశయా, చివరగా ఒక విన్నపం. లీకేజీ వ్యాసాలు ప్రతి పత్రికలోనూ వానలు దంచుతున్నప్పుడే వస్తాయి. అప్పుడు చదివినవాళ్లు చేయగలిగేది ఆ సీలింగ్ రంగు పనే, అందుకే మేస్త్రీలూ ఆ సీజన్‌లో అదే అంటగడతారు. మీరు ఇలాంటి వ్యాసం ఎండలు ముదరకముందే వేయండి, అప్పటికి స్లాబ్ లోపలిదాకా ఆరి ఉంటుంది, పని చేసేవాళ్లూ దొరుకుతారు, పూత ఆరడానికి రోజులూ ఉంటాయి, పోయిన వానల మరకలు సీలింగ్ మీద ఇంకా చెరగకుండా ఉంటాయి కాబట్టి ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది. రాయించేటప్పుడు పూతలమ్మే కంపెనీ మనిషితో కాకుండా, డాబాలెక్కి పని చేసే మేస్త్రీ ఒకరితోనూ, ఇంజినీరు ఒకరితోనూ మాట్లాడి రాయించండి. ఈలోగా, రంగు వేయమన్న ఆ చిట్కాకి సవరణ వేస్తారని ఆశిస్తున్నాను.

ఇట్లు
మీ పాఠకుడు, రిటైర్డ్ సైట్ సూపర్‌వైజర్